నేను చెరిపిన గొంతు

ఇబ్రహీంపట్నం బస్టాండుకు ఎదురుగా, ఒక జిరాక్స్ సెంటరుకీ మిఠాయి దుకాణానికీ మధ్య, నిలబడి చేతులు చాస్తే రెండు గోడలూ తగిలే గదిలో నేను కంప్యూటర్లు బాగుచేసేదాన్ని. ఔటర్ రింగు రోడ్డు పనులు జరుగుతున్న ఏళ్లు అవి. బొంగులూరు వైపు నిన్న జొన్నచేను ఉన్న చోట ఇవాళ సున్నపు గీతలు, హద్దురాళ్లు, రంగు జెండాలు కనిపించేవి. భూములు అమ్మినవాళ్లు, కొన్నవాళ్లు, మధ్యలో నిలబడి మాట్లాడినవాళ్లు, అందరూ ఇళ్లలోకి కంప్యూటర్లు తెచ్చుకున్నారు. తెచ్చుకున్న ప్రతి కంప్యూటరూ ఏదో ఒక రోజు మొరాయించేది. నాకు పనికి కరువు లేదు.

కరువల్లా నమ్మకానికే. షట్టరు ముందు నిలబడి, నా మీదుగా లోపలికి తొంగిచూసి, "సార్ లేడా?" అని అడిగేవాళ్లు. "సార్ బస్సు మీద పోయిండు. నేనే ఉన్న, ఏం గావాలె?" అనేదాన్ని. నా భర్త ఆర్టీసీలో కండక్టరు కాబట్టి అందులో అబద్ధం లేదు. ఆ సారుకి స్క్రూడ్రైవరు ఎటు తిప్పితే బిగుస్తుందో తెలియదన్న సంగతి మాత్రం చెప్పేదాన్ని కాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో హార్డ్‌వేర్ కోర్సు చేసినప్పుడు బ్యాచ్ మొత్తానికి ఆడదాన్ని నేనొక్కదాన్నే. అక్కడి మగపిల్లలు రెండు రోజుల్లో చేసే పని నేను ఒక పూటలో చేస్తేనే ఊళ్లోవాళ్లు నన్ను పనిమంతురాలంటారని అప్పుడే అర్థమైంది. అందుకని పొద్దున ఇచ్చిన కంప్యూటరు డబ్బా మధ్యాహ్నానికి తిరిగివ్వడం నా పంతం. ఆ పేరు బాగానే వచ్చింది కూడా. అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి కూడా బండ్ల మీద పెట్టుకుని తెచ్చేవాళ్లు.

ఆ వేగానికి మూలం ఫార్మాట్. కంప్యూటరు నెమ్మదించిందా, ఫార్మాట్. వైరస్ పట్టిందా, ఫార్మాట్. తెర నీలంగా మారి తెల్ల అక్షరాలు పడుతున్నాయా, అప్పుడూ ఫార్మాటే. మా ఊళ్లో ఒక ఆర్ఎంపీ డాక్టరు ఉండేవాడు, జ్వరానికీ కాలు బెణుకుకీ అదే సూది వేసేవాడు. నా వైద్యమూ అంతే. డిస్కులో సీ, డీ అని ఉండే భాగాల్లో సీని తుడిచేసి, ముందే తయారుగా పెట్టుకున్న సీడీలోంచి కంప్యూటరును నడిపించే ఓఎస్‌ను కొత్తగా దింపేదాన్ని. పావుగంట పని. పైన ఊరికే రెండు సినిమాలు, నాలుగు ఆటలు నింపి ఇస్తే తీసుకెళ్లేవాళ్ల మొహాలు వెలిగిపోయేవి. అసలు రోగం ఏమిటో వెతికే ఓపిక ఇచ్చేవాళ్లకూ లేదు, చేసేదానికీ లేదు.

తుడిచే ముందు ఒక ప్రశ్న అడగాలి, సీలో మీవేమైనా ఉన్నాయా అని. ఈ పని చేసేవాళ్లందరం అడిగేవాళ్లం. అందరూ లేవనే చెప్పేవాళ్లు. సీలో కంప్యూటరు ప్రాణం ఉంటుందని, దాని జోలికి పోవద్దని ఎవరో ఒకరు వాళ్లకు చెప్పి ఉంటారు, చెప్పులతో దేవుడి గదిలోకి పోనట్టే ఎవరూ అందులోకి పోయేవాళ్లు కాదు. కానీ తెర మీద కనబడే ఫైళ్లూ, మై డాక్యుమెంట్స్‌లో వాటంతట అవే పడే ఫైళ్లూ ఉండేది ఆ సీలోనే. అది వాళ్లకు తెలియదు. నాకు తెలుసు. తెలిసినదాన్ని కాబట్టి వాళ్లు లేవన్నా సరే, ఒకసారి తెరిచి చూసి, ఉన్నవాటిని పక్కకు తీసి పెట్టాలి. కొత్తలో అలాగే చేసేదాన్ని. గిరాకీ పెరిగాక మానేశాను.

ఒక ఎండాకాలం పొద్దున ఒకాయన స్కూటరు మీద, కాళ్ల మధ్య దుప్పటి చుట్టిన కంప్యూటరు డబ్బా పెట్టుకుని వచ్చాడు. గోదావరి జిల్లా మనిషి. ఇళ్ల స్థలాల వెంచర్లకు లేఅవుట్ నక్షాలు గీసే పని మీద వచ్చి, మా దగ్గరే కొత్త కాలనీలో ఇల్లు తీసుకున్నాడు. సార్ లేడా అని అడగని అతి కొద్దిమందిలో ఆయనొకడు. డబ్బా బల్ల మీద పెట్టి, జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి విప్పాడు.

"రోజుకు ఐదారుసార్లు ఆగిపోతోందండి. ఆగినప్పుడల్లా తెర మీద ఏం పడుతోందో రాసి పెట్టానండి. మీకేమైనా పనికొస్తుందేమోనని."

నక్షాలు గీసే చెయ్యి కదా, అంకెలన్నీ వరసగా, పొందికగా ఉన్నాయి. అప్పటికే నా ముందు మూడు డబ్బాలు ఉన్నాయి. ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు ఇద్దరు ప్రాజెక్టు పోయిందని నెత్తిన కూర్చున్నారు. నాకు నవ్వొచ్చింది.

"గవన్నీ ఎందుకన్నా? సీల మీయి ఏమన్న ఉన్నయా?"

"సీలో మేమేమీ పెట్టలేదండి. నా డ్రాయింగులన్నీ డీలోనే ఉన్నాయి."

"గట్లయితే ఫికర్ లేదు. ఒక గంటాగి రాండ్రి."

కాగితం చదవకుండానే మడిచి సొరుగులో పడేశాను. ఆయన టీ తాగి వచ్చేసరికి డబ్బా తయారు. ఆయన దండం పెట్టి మరీ తీసుకెళ్లాడు.

మూడో రోజు మళ్లీ వచ్చాడు. ఈసారి డబ్బాతో పాటు ఆయన భార్య కూడా వచ్చింది. ముప్పై దాటని మనిషి, సన్నగా ఉంది. మెడ చుట్టూ తెల్లటి పలచని గుడ్డ కట్టుకుంది, చేతిలో చిన్న నోటు పుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్ను. నేను కూర్చోమంటే తలాడించి స్టూలు మీద కూర్చుంది.

"మళ్లీ అలాగే ఆగిపోతోందండి," అన్నాడాయన.

ఫార్మాట్ చేసిన డబ్బా మూడు రోజుల్లో తిరిగి రావడం నాకు తలకొట్టేసినట్టయింది. సొరుగులోంచి ఆయన కాగితం తీసి, అప్పుడు చదివాను. పది పన్నెండు ఎర్రర్లు రాసి ఉన్నాయి. ఏ రెండూ ఒకటి కావు. సగానికి పైగా మెమరీని చదవలేకపోయామని చెబుతున్నవే. కోర్సులో మొదటి వారం నేర్పిన పాఠం అది. ఒకే ఎర్రరు ఒకే చోట వస్తుంటే సాఫ్ట్‌వేర్‌ను అనుమానించాలి, పూటకో రకం వస్తుంటే డబ్బా తెరవాలి.

తెరిచాను. మెమరీ అంటే రెండు వేళ్ల వెడల్పు పట్టీ, దాని అంచున పసుపుపచ్చ పళ్లు ఉంటాయి. వాటికి మకిలి పడితే కంప్యూటరు ఒక్కోసారి ఒక్కోలా తప్పుతుంది. పట్టీ ఊడదీసి, పిల్లలు పెన్సిలు గీతలు చెరుపుకునే రబ్బరుతో రుద్ది, మళ్లీ గట్టిగా నొక్కి పెట్టాను. ఐదు నిమిషాలు పట్టిందేమో. గంటసేపు నడిపి చూశాను, ఒక్కసారి కూడా ఆగలేదు. ఆమె స్టూలు మీద ముందుకు వంగి నా చేతులనే చూస్తూ కూర్చుంది.

"అయిపోయిందన్నా, ఇగ మస్తు నడుస్తది," అని గర్వంగా చెప్పాను.

అప్పుడు ఆమె లేచి వచ్చి మౌస్ అందుకుంది. మై డాక్యుమెంట్స్ తెరిచింది. ఖాళీ. మూసి మళ్లీ తెరిచింది. భర్త చెయ్యి పట్టుకుని తెర చూపించి, నోటు పుస్తకంలో రాసి నా ముందు పెట్టింది. "ఇందులో నా మాటలు ఉండాలి."

నాకు అర్థం కాలేదు. ఆయనకు అర్థమైంది.

ఆయనే చెప్పాడు, గొంతు తగ్గించి, ప్రతి మాటకూ అండి కలుపుతూ. ఏడాదిన్నర కిందట ఆమెకు గొంతులో క్యాన్సర్ అని తేలింది. స్వరపేటిక తీసేయాలి, ప్రాణం ఉంటుంది, మాట మాత్రం ఉండదు అన్నారు దవాఖానలో. వాళ్లకు అప్పటికి రెండున్నరేళ్ల పాప. ఆపరేషన్‌కు వారం ఉందనగా ఈమె చెవులకు పెట్టుకునే మైకు ఒకటి తెప్పించుకుని, మొదట ఆయన్నే పక్కన ఉంచుకుని నేర్చుకుని, తర్వాత ఆయన పనికి వెళ్లాక కంప్యూటరు ముందు కూర్చుని మాట్లాడి దాచింది. అప్పటి కంప్యూటర్లలో ఉండే రికార్డరు ఒక్కసారికి ఒక్క నిమిషమే పట్టేది. కాబట్టి ఆమె గొంతంతా నిమిషం ముక్కలుగా దాచుకుంది. పాప బడికి వెళ్లే మొదటి రోజు వినాల్సినది ఒకటి. జ్వరం వచ్చినప్పుడు వినాల్సినది ఒకటి. పెద్దమనిషి అయిన రోజు తల్లి చెప్పాల్సిన మాటలు, అవి నిమిషంలో ఒదగక మూడు ముక్కలు. పెళ్లినాటికి ఒకటి. ఊరికే పేరు పెట్టి పిలిచినవి కొన్ని. పాపకు కాస్త ఊహ తెలిశాక వినిపిద్దామని అలాగే ఉంచారట. ఈమెకు తన గొంతు తాను వినే ధైర్యం లేక ఇన్నాళ్లూ తెరవలేదట. వచ్చే నెలలో పాపను బడిలో వేస్తున్నారు. వాటి కోసమే ఇవాళ ఈమె వెంట వచ్చింది, మొదటిసారి తెరిచి చూస్తే లేవు.

"తప్పు నాదేనండి. సీలో ఏమీ లేవని నేనే చెప్పాను కదా మీకు. ఇవి సీలో ఉంటాయని నాకు తెలీదు," అన్నాడు.

ఆ మనిషి నా తప్పును తన నెత్తిన వేసుకుంటుంటే, వేసుకోనీలే అని ఊరుకున్నాను. ఎన్నేళ్లయినా నాకు నా మీద అసహ్యం పుట్టేది ఆ క్షణానికే. ఫార్మాట్ కొట్టినందుకు అంత అసహ్యం లేదు.

ఆమె ఊరుకోలేదు. పెన్ను తీసుకుని, ఒత్తి ఒత్తి రాసింది. "రబ్బరుతో రుద్దితే బాగయ్యేదానికి ఎందుకు చెరిపారు?"

పెద్ద పెద్ద పనిమంతులెవరూ నన్ను అడగని ప్రశ్న అది. "మీ ఆయన తప్పు ఏం లేదక్కా," అన్నాను చివరికి. "ఆయన రాసుకొచ్చిన కాయిదం నేను సదవలే. సదివితే గిట్ల కాకపోవు. తుడిసే ముందు తెరిసి సూడాలె, అదీ సూడలే. తప్పు నాది."

ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది. ఆమె మళ్లీ రాసింది, ఈసారి అక్షరాలు చిన్నవి. "ఒక్కటైనా దొరుకుతుందా?"

మూడు రోజులు గడువు అడిగాను. షట్టరు సగం దించి, వచ్చినవాళ్లందరినీ వెనక్కి పంపాను. డిస్కు ఊడదీసి నా సొంత కంప్యూటరుకు తగిలించి, పోయిన ఫైళ్లను వెతికే సాఫ్ట్‌వేర్‌లు నా దగ్గరున్నవి ఒకటి, తెలిసినవాళ్ల దగ్గర అడిగి తెచ్చినవి రెండు, ఒకదాని తర్వాత ఒకటి నడిపాను. తుడిచిన చోటు ఖాళీగా ఉంటే పాతవి అడుగున దొరుకుతాయి. దాని మీద మళ్లీ ఏమైనా రాస్తే ఇక దొరకవు. నేను ఓఎస్ దింపాను, అంతటితో ఆగకుండా రెండు సినిమాలు, నాలుగు ఆటలు కూడా వేశాను. ఎవరూ అడగలేదు ఆ సినిమాలను. ఊరికే ఇచ్చి మెప్పు కొట్టేద్దామని వేశాను.

పేర్లు పోయి, ఉత్త అంకెలతో ఫైళ్లు బయటికొచ్చాయి. తెరిస్తే చాలా వాటిలో జర్రుమనే చప్పుడు తప్ప ఏమీ లేదు. కొన్ని అసలు తెరుచుకోలేదు. రెండో రోజు మధ్యాహ్నం, టిఫిను డబ్బా తెచ్చిన నా భర్త పక్కన నిలబడి ఉండగా, మొదటిసారి ఒక మనిషి గొంతు వినబడింది.

"వినబడుతోందా ఇందులో? ఏవండీ, ఈ ఎర్రదే కదా నొక్కాలి? అబ్బ, మీరు నోరు మూసుకోండి కాసేపు, మీ మాటలే పడుతున్నాయి."

గలగలమనే గొంతు. మెడకు గుడ్డ కట్టుకుని స్టూలు మీద కూర్చున్న మనిషికి ఇంత గొంతు ఉండేదని నేను ఊహించలేదు. నా భర్త "ఎవలు?" అన్నాడు. చెప్పాను. ఆయన టిఫిను డబ్బా బల్ల మీద పెట్టి, "బస్సు టైమైంది," అని వెళ్లిపోయాడు.

మూడో రోజు సాయంత్రానికి మొత్తం మూడు దొరికాయి. మూడూ ఆమె నచ్చక అప్పుడే తీసి కంప్యూటరులోని చెత్తబుట్టలో వేసినవి, డిస్కులో ఏ మూలో పడి ఉన్నవి. జాగ్రత్తగా దాచుకున్నవాటిలో ఒక్కటి కూడా మిగల్లేదు. మొదటిది ఆ మైకు తగాదా. రెండో దాంట్లో పాపకు కథ మొదలుపెట్టింది. "అనగనగా ఒక ఊళ్లో ఒక పిచ్చుక..." అని రెండు వాక్యాలు చెప్పి, దగ్గొచ్చి, దగ్గులోనే నవ్వొచ్చి, "బాలేదు, ఇది చెరిపేద్దాం," అంది. మూడో దాంట్లో ఏమీ చెప్పకముందే దూరంగా పాప ఏడుపు వినబడుతుంది, కుర్చీ జరిగిన చప్పుడు, తర్వాత నడుస్తూ దూరమవుతున్న గొంతు. "వస్తున్నా బంగారం, వస్తున్నా, అమ్మ వచ్చేస్తోంది." మిగతా నిమిషమంతా ఫ్యాను చప్పుడే.

నేను బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. పెళ్లినాడు బిడ్డతో ఏం చెప్పాలనుకుందో అది ఇక ఎవరికీ తెలియదు. రాసి ఇవ్వొచ్చు కదా అని మనసు నాకు సర్దిచెప్పబోయింది. రాయడానికి గొంతు ఎందుకు, రాసేదయితే ఆపరేషన్ తర్వాతైనా రాయొచ్చు. గొంతుతో చెప్పాలనే కదా ఆ వారమంతా కూర్చుంది.

మర్నాడు పొద్దున ముగ్గురూ వచ్చారు, పాపతో సహా. నాలుగేళ్లు నిండిన పిల్ల, రెండు జడలు, కొత్తగా కొన్న బడి సంచీ అప్పుడే వీపుకు తగిలించుకుంది. వాళ్లు వచ్చేసరికి కాలేజీ కుర్రాడొకడు ఫోన్లో పాటలు వేయించుకుంటున్నాడు. పాప కళ్లార్పకుండా అదే చూసింది. అతను వెళ్లాక మూడే దొరికాయని చెప్పాను. పనికొచ్చేవి కావని కూడా చెప్పాను. ఆమె తలాడించి, వినిపించమని సైగ చేసింది.

మొదటిది వినగానే ఆమె చెయ్యి మెడ మీది గుడ్డ దగ్గరికి పోయింది. ఆయన గోడవైపు తిరిగాడు. పాప స్పీకరు దగ్గరకు వచ్చి, దాని వెనక్కి కూడా ఒకసారి తొంగిచూసింది.

"ఎవరు నాన్నా ఈవిడ?"

"అమ్మే బంగారం."

"కాదు," అంది పాప, తండ్రి పొరపాటు పడ్డాడన్నట్టు. "అమ్మకి మాటలు రావు కదా."

వింటే గుర్తుపడుతుందనే నమ్మకంతో ఇన్నాళ్లు దాచారు. ఆ పసిబుర్రలోంచి ఆ గొంతు ఎప్పుడు పోయిందో వాళ్లకు తెలియనే లేదు. అది మాత్రం నేను చెరిపింది కాదు, అయినా చెరిపినదాన్ని నేనే అనిపించింది.

ఆమె మూడోది మళ్లీ పెట్టమని చూపించింది. పాప ముందు మోకాళ్ల మీద కూర్చుని, దాని రెండు చెంపలూ పట్టుకుని తన వైపు తిప్పుకుంది. స్పీకరులోంచి గొంతు వస్తుంటే దానికి సరిగ్గా పెదవులు కదిపింది. వస్తున్నా బంగారం, వస్తున్నా. పాప తల్లి పెదవులను చూసింది, స్పీకరును చూసింది. మళ్లీ పెట్టమంది. మళ్లీ పెట్టాను. నాలుగోసారికి పాప మొహం మారింది. తల్లి మెడ మీది గుడ్డను వేలితో మెల్లగా తాకింది.

తర్వాత నా దగ్గరికి వచ్చి బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"ఆంటీ, ఇందాక ఆ అన్నకి ఫోన్లో వేశారు కదా. ఇది మా అమ్మలో వేయండి."

"నాకు రాదు బిడ్డా," అన్నాను.

"మరి ఎవరికొచ్చు?"

నేను తలెత్తి తల్లి వైపు చూశాను. ఆమె ఇంకా మోకాళ్ల మీదే కూర్చుని, పాపతో పాటు తానూ ఆ జవాబు కోసమే నా వైపు చూస్తోంది.